శిలపై పేరు, శిలపై అంకె: బస్రా యుద్ధస్మారకంలో భారతీయ సైనికులు

మొదటి ప్రపంచయుద్ధకాలంలో మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, మరణించి సమాధి జాడ తెలియకుండా పోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల స్మృత్యర్థం నిర్మించిన బస్రా స్మారకం 1929 మార్చి 27న ఆవిష్కృతమైంది. ఇరాక్‌లో బ్రిటిష్ హైకమిషనరుగా ఉన్న సర్ గిల్బర్ట్ క్లేటన్ దానిని ఆవిష్కరించాడు. వాస్తుశిల్పి ఎడ్వర్డ్ వారెన్. 80 మీటర్ల పొడవున కప్పు వేసిన స్తంభాల వరుస, మధ్యలో 16 మీటర్ల ఎత్తైన సూచీస్తంభం, స్తంభాల వెనుక గోడకు బిగించిన పలకరాతి ఫలకాలు – ఇదీ దాని రూపం. కట్టడానికి వాడిన తెల్లరాయి భారతదేశపుది. 1914 చివరి నెలల నుంచి 1921 ఆగస్టు వరకు మరణించిన 40,500 మందికి పైగా సైనికులకు ఇది స్మారకం. వారిలో అత్యధికులు భారతీయులు.

బ్రిటిష్ పటాలాల ఫలకాలపై అధికారి మొదలు సామాన్య సైనికుడి వరకు ప్రతి ఒక్కరి పేరూ చెక్కి ఉంది. భారతీయ పటాలాల వద్దకు వచ్చేసరికి పద్ధతి మారుతుంది. అక్కడ బ్రిటిష్ అధికారుల పేర్లు, సుబేదారు, జమాదారు హోదాలు గల భారతీయ అధికారుల పేర్లు కనిపిస్తాయి. హవల్దారు, నాయకు, సిపాయి, పనివాడు – వీరందరూ కలిసి ‘ఇంకా ఇంతమంది ఇతర భారతీయ సైనికులు’ అనే ఒక్క పంక్తిలో ఇమిడిపోయారు. ఆ పంక్తిలో ఉన్నది ఒక అంకె. రాయి భారతదేశానిది, మృతులు భారతదేశం వారు, పేర్లు మాత్రం లేవు.

ఈ వ్యత్యాసం ఏ ఒక్క శిల్పి అజాగ్రత్త వల్లనో నిధుల కొరత వల్లనో మాత్రమే ఏర్పడినది కాదు. దాని వెనుక ఒక సిద్ధాంతం ఉంది, ఆ సిద్ధాంతానికి ఇచ్చుకున్న మినహాయింపు ఉంది, ఆ మినహాయింపును సమర్థించుకోవడానికి భారతీయ సంస్కృతి గురించి చేసిన ఒక నిర్ధారణ ఉంది. ఆ నిర్ధారణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాసనాలు చదివే అలవాటున్న తెలుగు పరిశోధకులకు ఈ పరిశీలనలో ప్రత్యేకంగా చెప్పగలిగినది కొంత ఉంది.

సమానత్వ సూత్రం

యుద్ధంలో మరణించిన సామాన్య సైనికునికి విడిగా సమాధి, దానిపై పేరు ఉండాలన్న భావన ఐరోపాలో కూడా పాతది కాదు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల వరకు పెద్ద యుద్ధాలలో మృతులను సామూహికంగా గోతుల్లో పూడ్చడమే పరిపాటి. విజయస్తంభాలపై సేనాపతుల పేర్లే ఉండేవి. ఆ పరిస్థితిని మార్చిన సంస్థలలో 1917 మే 21న రాజశాసనం ద్వారా ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ముఖ్యమైనది. దీని వెనుక ఉన్న వ్యక్తి ఫేబియన్ వేర్. బ్రిటిష్ మ్యూజియం సంచాలకుడు ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఈ కమిషన్‌కు సమర్పించిన నివేదిక శ్మశానాల రూపకల్పనకు మూలసూత్రాలను నిర్దేశించింది. హోదా, ఆస్తి, కులీనతలతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే కొలత సమాధిరాయి ఉండాలని, మృతదేహాలను స్వదేశానికి తరలించకూడదని, ప్రతి ఒక్కరి పేరూ సమాధిపైనో, సమాధి లేకపోతే స్మారకంపైనో ఉండాలని అందులోని సారాంశం.

ఇది తేలిగ్గా అంగీకారం పొందలేదు. కొడుకు దేహాన్ని ఇంటికి తెచ్చుకోగల స్తోమత ఉన్న కుటుంబాలు తీవ్రంగా ప్రతిఘటించాయి. 1920 మే నెలలో బ్రిటిష్ పార్లమెంటులో దీనిపై వాదోపవాదాలు జరిగాయి. చివరికి సమానత్వ సూత్రమే నెగ్గింది. మృతుల పేరు తరతరాలకు నిలుస్తుందన్న అర్థం వచ్చే వాక్యాన్ని పెద్ద శ్మశానాలలోని స్మారకశిలలపై చెక్కడానికి బైబిల్ సంప్రదాయం నుంచి ఎంచి ఇచ్చినవాడు రుడ్యార్డ్ కిప్లింగ్. అతని కుమారుడు 1915లో లూస్ యుద్ధంలో కనిపించకుండా పోయాడు. కనుక పేరు నిలవడం అన్నది అతనికి అలంకారం కాదు. తన వర్గపు ఒత్తిడిని కూడా కాదని ఒక సంస్థ సిపాయినీ సేనానినీ ఒకే వరుసలో నిలపడం సామాన్య విషయం కాదని ఒప్పుకోవాలి. ఆ సూత్రం ఎంత ఉదాత్తమైనదో, అది ఎక్కడ ఆగిపోయిందన్న ప్రశ్న అంత తీవ్రమవుతుంది.

మెసొపొటేమియా రంగం

ఆ యుద్ధంలో సముద్రాలు దాటి వెళ్లిన భారతీయులు పది లక్షలకు పైబడి ఉన్నారు. వారిలో ఫ్రాన్సు వెళ్లినవారి గురించి ఎక్కువ రాశారు గాని, అందరికంటే ఎక్కువమంది పనిచేసినది మెసొపొటేమియాలో. 1914 నవంబరులో భారతీయ సేన ఫావ్ వద్ద దిగి అదే నెలలో బస్రాను ఆక్రమించింది. 1915 ఏప్రిల్‌లో షైబా యుద్ధం గెలిచాక బాగ్దాద్‌పై ఆశ పెరిగింది. ఆ సంవత్సరం నవంబరులో టెసిఫాన్ వద్ద దెబ్బతిన్న జనరల్ టౌన్‌షెండ్ సేన కూట్‌కు వెనుదిరిగి, డిసెంబరు 7 నుంచి ముట్టడిలో చిక్కుకుంది. 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. పట్టుబడిన సుమారు 13,000 మందిలో ఎక్కువమంది భారతీయులే. వారిని విడిపించడానికి జరిగిన ప్రయత్నాలలో అంతకంటే ఎక్కువమంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. బందీలలో ఎందరో ఎడారి దారిలో నడుస్తూ, ఆపై రైలుమార్గం పనుల్లో మరణించారు. అలాంటి మరణాలకు సమాధులు ఉండే అవకాశమే లేదు.

గుండు దెబ్బతో పాటు వడదెబ్బ, కలరా, విరేచనాలు కూడా ఎందరో ప్రాణాలు తీసిన రంగం ఇది. వైద్య ఏర్పాట్ల వైఫల్యంపై 1917లో వెలువడిన మెసొపొటేమియా కమిషన్ నివేదిక కారణంగా భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేయవలసి వచ్చింది. సైనికులతో పాటు కంచరగాడిదలు తోలేవారు, నీళ్లు మోసేవారు, వంటవారు, పాకీపనివారు, రేవుల్లో కూలీలు వెళ్లారు. జైళ్ల నుంచి శిక్ష తగ్గింపు ఆశ చూపి చేర్చుకున్నవారూ ఉన్నారు. సైనిక లెక్కల్లో వీరికి ‘అనుచరులు’ అని పేరు. తమిళులతో పాటు తెలుగువారు కూడా చేరిన మద్రాసు శాపర్లు-మైనర్ల దళం ఈ రంగంలో వంతెనలు కట్టింది, కందకాలు తవ్వింది.

ఈ అనుభవానికి భారతీయ భాషలో మిగిలిన విలువైన సాక్ష్యాలలో శిశిర్ ప్రసాద్ సర్వాధికారి బెంగాలీలో రాసిన ‘అభి లే బాగ్దాద్’ ఒకటి. బెంగాల్ అంబులెన్స్ దళంలో పనిచేస్తూ కూట్‌లో బందీ అయిన ఆయన గ్రంథం 1957లో గాని వెలువడలేదు. తెలుగులో దానికి సమానమైన ప్రసిద్ధ రచన లేకపోవడం ఈ రంగం మన చరిత్రరచనలో మరుగున పడడానికి ఒక కారణం కావచ్చు.

రెండు శ్మశానాలు, రెండు పద్ధతులు

టైగ్రిస్ తీరంలోని అమారా పట్టణం యుద్ధకాలంలో పెద్ద ఆసుపత్రి కేంద్రం. అక్కడి అమారా యుద్ధశ్మశానంలో 4,600కు పైగా సమాధులు ఉన్నాయి. నేలలోని ఉప్పు వల్ల రాళ్లు పాడవుతున్నాయని గుర్తించి 1933లో సమాధిరాళ్లన్నింటినీ తొలగించారు. అయితే పేర్లను వదిలేయలేదు. ఒక గోడ కట్టి, గుర్తింపు తెలిసిన వారందరి పేర్లూ దానిపై చెక్కించారు. బస్రా యుద్ధశ్మశానంలోనూ 1935లో రాళ్లు తీసివేసి ఇదే పద్ధతిని అనుసరించారు. రాయి పోయినా పేరు పోకూడదన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది.

అదే అమారాలో భారతీయుల కోసం వేరుగా ఉన్న శ్మశానంలో దాదాపు 5,000 మంది సైనికులు ఉన్నారు. వారిలో గుర్తింపు తెలిసినవారు తొమ్మిది మంది. మిగిలినవారిని ఖననం చేసినప్పుడు సైనికాధికారులు సమగ్రమైన వివరాలు నమోదు చేయలేదు. అంటే వివక్ష స్మారకం కట్టేనాటికి మొదలైనది కాదు, గొయ్యి తవ్వేనాటికే మొదలైంది. అదే పట్టణంలో బ్రిటిష్ సైనికుడి సమాధికి సంఖ్య వేసి, పేరు రాసి పెట్టినప్పుడు భారతీయుని విషయంలో ఆ పని ఎందుకు జరగలేదన్నది గుమాస్తాల కొరతతో తీరే ప్రశ్న కాదు.

బస్రా స్మారకం సంగతి దీనికి భిన్నమైనది, మరింత ఆలోచింపజేసేది. అక్కడ పేర్లు తెలియకపోవడం అన్న సమస్య లేదు. సమాధి జాడ తెలియకపోయినా ఏ పటాలంలో ఎవరు చనిపోయారో సేన దస్తావేజుల్లో ఉంది. గోడపై చెక్కని ఆ పేర్లను కమిషన్ స్మారకపు రిజిస్టర్లలో చేర్చింది కూడా. కాగితం మీద ఉన్న పేరు రాతి మీదికి ఎక్కలేదు, అంతే. కనుక దస్తావేజుల లోపం అన్న వివరణ బస్రాకు వర్తించదు.

ఇక ఖర్చు, స్థలం అన్న వివరణ. ఇందులో కొంత నిజం ఉండవచ్చు. పేర్లు వేలల్లో ఉన్నాయి. కాని అదే కమిషన్ ఐరోపాలో ఏం చేసిందో చూస్తే ఈ వాదం కూడా పలుచబడుతుంది. ఫ్రాన్సులో నవ్‌షాపెల్ వద్ద హెర్బర్ట్ బేకర్ రూపొందించిన భారతీయ స్మారకం 1927 అక్టోబరు 7న ఆవిష్కృతమైంది. సాంచీ స్తూపపు కంచెను తలపించే ప్రాకారం, పద్మశీర్షం గల స్తంభం, ఇరుపక్కల పులులు – భారతీయత ఉట్టిపడేలా కట్టారు. అక్కడ సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు, సిపాయిల పేర్లతో సహా, చెక్కి ఉన్నాయి. ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే సంస్థ, ఒకే సేనకు చెందిన మృతుల్ని రెండు చోట్ల రెండు రకాలుగా స్మరించింది. ఫ్రాన్సు స్మారకాన్ని ఐరోపా చూస్తుంది. బస్రా రేవులోని గోడను ఎవరు చదువుతారు? ఈ తేడాను దాటి మరో కారణం వెతకడం కష్టం.

దహనసంస్కారం అనే వాదం

హిందువులు, సిక్కులు దహనం చేస్తారు కనుక వారికి వ్యక్తిగత సమాధి, దానిపై పేరు అవసరం లేదన్న ఆలోచన ఆనాటి అధికారవర్గాల్లో బలంగా ఉండేది. ఆఫ్రికన్ సైనికుల విషయంలో సమాధిరాయి విలువ వారికి తెలియదన్న మాట ఇంకా నిర్మొహమాటంగా చెప్పారు. భారతీయుల విషయంలో అది మతాచారం పట్ల గౌరవం అనే రూపం ధరించింది. అందువల్ల దానిని ఖండించడం మరింత జాగ్రత్తగా చేయాలి.

దహనం చేసేవారికి సమాధి ఉండదన్నది వాస్తవమే. తెలుగులో శ్మశానం అనే మాట కాల్చే చోటికీ పూడ్చే చోటికీ చెల్లుతుంది, మనకు రెండు ఆచారాలూ పరిచితం. సమాధి ఉండకపోవడం వేరు, పేరు ఉండకపోవడం వేరు. బస్రా స్మారకం అసలు సమాధులు లేనివారి కోసమే కట్టినది. అక్కడి బ్రిటిష్ సైనికులకూ సమాధులు లేవు, అయినా పేర్లున్నాయి. పైగా ఆ సేనలో ఖననం చేసే ముస్లింలు పెద్దసంఖ్యలో ఉన్నారు. దహనం వాదం వారికి ఏ విధంగా వర్తిస్తుంది?

ఇంగ్లండులోని బ్రైటన్ ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగినది. అక్కడి ఆసుపత్రులలో మరణించిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను పట్టణం వెలుపలి కొండపై దహనం చేశారు. ఆ చోట నిర్మించిన ఛత్రిని 1921 ఫిబ్రవరిలో వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. మూడు దహనవేదికలపై తెల్లరాతి గుమ్మటం. చూడడానికి ఎంతో సుందరమైనది. కాని దానిపై ఆ 53 మంది పేర్లు లేవు. పక్కనే ఒక గోడ కట్టి పేర్లు చెక్కినది 2010లో. ఆ పేర్లు చెక్కినందువల్ల ఎవరి ఆచారానికీ భంగం కలగలేదు.

వీరగల్లు సాక్ష్యం

భారతీయ సంస్కృతిలో యుద్ధమృతుని పేరు రాతిపై నిలపాలన్న కోరిక లేదనడం తెలుగు శాసనాలు చదివినవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. తెలుగులో తొలినాటి శాసనాలు దొరికిన రాయలసీమ ప్రాంతంలోనే, కడప, చిత్తూరు జిల్లాల్లో, రేనాటి చోళుల, బాణుల, వైదుంబుల కాలపు వీరగల్లులు విస్తారంగా ఉన్నాయి. సోరేమడి యుద్ధంలో పడినవారి స్మృతిచిహ్నాలుగా వేసిన శిలలు ఒకటి కంటే ఎక్కువ ఊళ్లలో దొరికాయి. వీటిలో ఫలానా ప్రభువు పాలనలో, ఫలానా వాని బంటు, ఫలానా పేరుగలవాడు, ఫలానా పోరులో పడ్డాడన్న నిర్మాణం కనిపిస్తుంది. పశువుల మందను కాపాడుతూ చనిపోయినవాడికీ, ఊరి మీద పడినవారిని ఎదిరించి చనిపోయినవాడికీ రాయి వేశారు. పడినవాడు సామంతుడే కానక్కరలేదు. చాలా చోట్ల అతడు ఒక సేవకుడు. శాసనంలో ప్రభువు పేరు కాలనిర్ణయానికి ఉపయోగపడితే, శాసనానికి కర్త మాత్రం ఆ సేవకుడే.

ఈ పోలికను అతిగా సాగదీయకూడదు. అక్షరాలు లేని, బొమ్మ మాత్రమే ఉన్న వీరగల్లులు చాలా ఉన్నాయి. వాటి మృతుల పేర్లు ఊరి నోట్లో కొంతకాలం నిలిచి తర్వాత పోయాయి. పైగా వీరగల్లు అతని ఊరివారో, బంధువులో, ప్రభువో వేసినది. బస్రా స్మారకం వేలమైళ్ల దూరంలో ఒక సామ్రాజ్యం కట్టినది. వీరగల్లును కొలుస్తారు, యుద్ధస్మారకాన్ని సందర్శిస్తారు. పల్నాటి కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవంలో వీరుల ఆయుధాలకే పూజ జరుగుతుంది. అక్కడ స్మృతి శిలాక్షరం మీద కంటే ఆచారం మీద, గానం మీద ఎక్కువగా ఆధారపడింది. ఇన్ని తేడాలున్నా ప్రస్తుత ప్రశ్నకు అవి అడ్డురావు. మృతుడైన సామాన్యుని పేరు రాతిపై చెక్కడం ఈ దేశానికి పరాయిది కాదని, దహనం చేసే సమాజాలలో కూడా అది వెయ్యేళ్లకు పైగా సాగిందని చెప్పడానికి ఈ శిలలు చాలు. ఆ శిలల్లో ఎన్నో బస్రా స్మారకం కట్టేనాటికే ప్రభుత్వ శాసనశాఖ నమోదుల్లోకి ఎక్కాయి. శాసనాలను సేకరిస్తున్న ప్రభుత్వమూ, పేర్లు అక్కరలేదన్న ప్రభుత్వమూ ఒక్కటే.

తర్వాతి చరిత్ర

ఢిల్లీలోని ఇండియా గేట్‌పై అందరి పేర్లూ ఉన్నాయన్న అభిప్రాయం మన విద్యార్థుల్లో విస్తృతంగా ఉంది. 1931లో ఆవిష్కృతమైన ఆ కట్టడంపై ఉన్నవి 13,000కు పైగా పేర్లు మాత్రమే. మెసొపొటేమియా మృతులు అక్కడ అంకితవాక్యంలోని ఒక దేశనామం ద్వారా స్మరింపబడ్డారు. యుద్ధం తర్వాత దేశంలోని అనేక గ్రామాలలో, మద్రాసు రాష్ట్రంలో కూడా, ప్రభుత్వం చిన్న రాతిఫలకాలు పెట్టించింది. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలర్పించారు అని వాటి వరస. సొంత ఊరిలో కూడా అంకెలే.

రెండో ప్రపంచయుద్ధానంతరం పద్ధతి మారింది. బర్మాలో తౌక్యాన్ శ్మశానంలో 1958లో ఆవిష్కృతమైన రంగూన్ స్మారకంపై దాదాపు 27,000 పేర్లు చెక్కారు. వారిలో ఎక్కువమంది భారతీయ సేనకు చెందినవారే, సిపాయిల పేర్లూ ఉన్నాయి. దహనం చేసిన వెయ్యిమందికి పైగా సైనికులకు అక్కడే వేరొక స్మారకం ఉంది. అన్ని వేల పేర్లు చెక్కడం సాధ్యమేనని, దహనాచారం పేరుకు ఆటంకం కాదని ఆ శ్మశానమే చెబుతుంది.

బస్రా స్మారకం మాత్రం అలాగే ఉండిపోయింది. మాఖిల్ వద్ద నౌకాశ్రయంలో ఉన్న దానిని 1997లో ఇరాక్ అధ్యక్షుని ఆదేశంపై రాయి రాయిగా విప్పి, నాసిరియా వెళ్లే దారిలో 32 కిలోమీటర్ల దూరాన ఎడారిలో తిరిగి నిలబెట్టారు. అంతకు ఆరేళ్ల ముందు గల్ఫ్ యుద్ధం జరిగిన నేల అది. మరో యుద్ధం, ఆపైన అంతర్గత కల్లోలం వచ్చి స్మారకాన్ని చూడడమే దుర్లభమైంది.

ఈ అసమానత్వాన్ని బహిరంగ చర్చలోకి తెచ్చినవారిలో మిషెల్ బారెట్ ముఖ్యురాలు. ఆమె సైనిక చరిత్రకారిణి కాదు, లండన్‌లో సాహిత్య, సాంస్కృతిక సిద్ధాంత ఆచార్యురాలు. ఆమె పరిశోధన ఆధారంగా 2019లో ఒక టెలివిజన్ డాక్యుమెంటరీ ప్రసారమైంది. దాని తర్వాత కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (పూర్వపు ఇంపీరియల్ కమిషన్) ప్రత్యేక సంఘాన్ని నియమించింది. 2021 ఏప్రిల్‌లో వెలువడిన సంఘం నివేదిక ప్రకారం 45,000 నుంచి 54,000 మంది ఆసియా, ఆఫ్రికా సైనికులు అసమానంగా స్మరింపబడ్డారు. మరో 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మరింపబడలేదు, లేదా అసలే స్మరింపబడలేదు. ఈ రెండో వర్గంలో తూర్పు ఆఫ్రికా, ఈజిప్టులకు చెందినవారు ఎక్కువ. కమిషన్ క్షమాపణ చెప్పింది. రక్షణమంత్రి బెన్ వాలెస్ పార్లమెంటులో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. వ్యక్తిగత దురభిప్రాయాలకు మించి సామ్రాజ్య వ్యవస్థలోనే వ్యాపించిన వివక్షగా నివేదిక దీనిని గుర్తించడం గమనార్హం.

గోడ మీదికి ఎక్కని బస్రా పేర్లు రిజిస్టర్ల నుంచి కమిషన్ అంతర్జాల జాబితాలోకి చేరాయి. ఆ నమోదుల్లో సైనికుని సంఖ్య, హోదా, పటాలం, మరణించిన తేదీ ఉంటాయి. చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా కనిపిస్తాయి. ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాసుకున్న ఆ పేర్లలో తెలుగు ఇంటిపేరు ఏదో, ఊరిపేరు ఏదో పోల్చుకోవడం శాసనపాఠం సరిచేయడం వంటి పని. మద్రాసు శాపర్లు-మైనర్ల నమోదులతో దానిని ప్రారంభించవచ్చు. గోదావరి, విశాఖపట్నం, నెల్లూరు, కడప జిల్లాల పేర్లు ఉన్న ప్రతి నమోదునూ విడిగా తీసి, నాటి తాలూకాల సరిహద్దులతో సరిచూసి, ఊరూరా ఉన్న రాతిఫలకాల అంకెల పక్కన పెట్టి చూడాలి.